సొల్యూషన్ ఆరేలోపు

ఏప్రిల్ 4, శనివారం

పెరటి కుళాయికి వచ్చే పైపు అతుకు దగ్గర కారుతోంది. కింద బకెట్ పెట్టాను. ప్లంబర్‌కి ఫోన్ చేస్తే దారిలో ఉన్నానన్నాడు.

ఏప్రిల్ 6, సోమవారం

ఇంకా దారిలోనే ఉన్నాడు.

ఏప్రిల్ 8, బుధవారం

ఈసారి నేను హలో అనకముందే "దారిలో ఉన్నానమ్మా" అన్నాడు. వెనకాల టీవీలో ఎవరో బావురుమంటున్నారు. కుక్కరు కూత కూడా వినబడింది. అది ఏ దారో నాకు తెలియదు. మా ఇంట్లో ఇకనుంచి అతని పేరు దారిలోఉన్నా.

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, పైపు పక్కన కుర్చీ వేసుకుని ఫోన్లో వీడియోలు చూశారు. పైపు ఎలా కోయాలి, ఎలా అతకాలి, అన్నీ చూశారు. అంతా అయ్యాక ఇది చాలా సులువన్నారు. అయితే చెయ్యండన్నాను. ఇంత సులువైన పనికి నేనెందుకు, నువ్వే చెయ్యొచ్చుగా అన్నారు.

చేస్తాను. పెళ్లికి ముందు నుంచీ బట్టలు కత్తిరించి అతుకుతున్నదాన్ని. పైపంటే గట్టిపడిన చొక్కా చెయ్యి. అంతే కదా.

ఏప్రిల్ 9, గురువారం

పైపుల షాపుకి వెళ్లాను. ఏ సైజు అని అడిగాడు షాపాయన. టేపుతో కొలుచుకునే వెళ్లాను కాబట్టి చుట్టుకొలత చెప్పాను. ఆయన కాసేపు నా వంక చూసి, ఇది నడుము కాదమ్మా అన్నాడు. పైపుకి అడ్డంగా, నోటి వెడల్పు చెప్పాలట. లేదంటే ముక్క తెమ్మన్నాడు. ముక్క తేవాలంటే కోయాలి, కోయాలంటే రంపం కావాలి, రంపం కొందామనే కదా నేనొచ్చింది. చివరికి ఆయనే రకరకాల ముక్కలు చేతిలో పెట్టి, కళ్లు మూసుకుని మీ పైపు తలుచుకోండన్నాడు. తలుచుకున్నాను. దొరికింది.

పొడుగు పైపు, ముక్కని ముక్కతో కలిపే కప్లింగులు, మలుపు తిప్పే ఎల్బో, ఒక రంపం, చిన్న డబ్బాలో సొల్యూషన్. సొల్యూషన్ అంటే పైపుల జిగురు. పూసిన అర నిమిషంలో పట్టేస్తుంది, తర్వాత దేవుడు దిగొచ్చినా ఊడదు, ఆలోచించుకునేదేదో ముందే ఆలోచించుకోండన్నాడు.

ఇంటికి నడిచొస్తూ మలుపు తిరిగినప్పుడల్లా పైపు వెనక కొస ఎవరికో ఒకరికి తగిలింది. వెనక్కి తిరిగి సారీ చెబుదామంటే ముందు కొస ఇంకొకరికి తగిలింది.

ఏప్రిల్ 10, శుక్రవారం

ప్రాక్టీసు.

మొదటి కోత ఏటవాలుగా వచ్చింది. ఒక గీత గీసుకుంటే కత్తెరకి చాలు, రంపానికి చాలదు. పైపు చుట్టూ కాగితం చుట్టి, దాని అంచు వెంట గీసి, ఆ గీత మీద కోస్తే తిన్నగా వచ్చింది. అంచున లేచిన పొట్టంతా గరుకు కాగితంతో రుద్దేశాను. నా చెయ్యి నాకే ముద్దొచ్చింది.

తర్వాత రెండు కప్లింగుల మధ్య పట్టేలా కొలిచి ముక్క కోశాను. పెట్టి చూస్తే పొట్టి. మళ్లీ కొలిచాను. కొలత సరిగ్గానే ఉంది, ముక్క మాత్రం పొట్టి. ఎందుకో తెలిశాక రంపం కింద పెట్టి కాసేపు కూర్చున్నాను. కప్లింగు లోపలికి పైపు కొంత దూరుతుంది కదా, ఆ దూరే భాగం వదలలేదు. అంటే కుట్టుకి బట్ట వదలకుండా కత్తిరించినట్టు. నేను!

ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా పైవాళ్లకి.

పైవాళ్లంటే మా సొంత అక్క, బావగారు. నాన్న కట్టిన ఇల్లు. కింది భాగం నాది, పై భాగం అక్కది. పోయినేడు అక్క కూతురి పెళ్లి బట్టలన్నీ బజారులో పెద్ద షాపుకిచ్చి కుట్టించారు. నా కుట్టుమిషను చప్పుడు వింటూ, నా గుమ్మం ముందు నుంచే సంచులు మోసుకుపోయారు. నేను పెళ్లిలో నవ్వాను, వడ్డించాను. మర్నాటి నుంచి మాట్లాడటం మానేశాను. ఎందుకు మానేశావని అక్క అడగలేదు. అడగలేదన్న కోపంతో ఇంకా గట్టిగా మానేశాను.

ఏప్రిల్ 11, శనివారం, ఉదయం 10 గంటలు

చేసేశాను! డాబా ఎక్కి, అక్క గుమ్మం దగ్గర ముఖం అటు తిప్పుకుని, ట్యాంకు దగ్గర మా కుళాయి వాల్వు కట్టేసి వచ్చాను. పెరటి గోడ మీద రెండు పైపులున్నాయి. ఒకటి కింద మోటారు నుంచి ట్యాంకుకి ఎక్కేది, రెండోది ట్యాంకు నుంచి మా కుళాయికి దిగేది. రెండూ తెలుపే, రెండూ ఒకే లావు. మాది చూసుకుని తిన్నగా కోశాను. గ్లాసుడు నీళ్లు కూడా కారలేదు. వాల్వు అంత బాగా కట్టానన్నమాట.

టీ తాగి వచ్చి అతుకుతాను.

అదే రోజు, 10:40

అది మోటారు పైపు.

అదే రోజు, మధ్యాహ్నం

బావగారు పైనుంచి మోటారు స్విచ్చి వేశారు. నేను టీ గ్లాసుతో పెరట్లోకి వస్తున్నాను. కోసిన పైపులోంచి నీళ్లు తాటిచెట్టంత ఎత్తున లేచి, తీగ మీద ఆరేసిన బట్టల్ని, మిషను దగ్గరి కిటికీని, వీడియో చూస్తున్న మా ఆయన్ని వరసగా తడిపేశాయి. ఆయన ఫోన్ని గుండెలకి హత్తుకుని పరిగెత్తారు. నేను పైపు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాను. అప్పుడు నీళ్లు నాలుగు వైపులా పోయాయి.

పైనుంచి అక్క గొంతు స్పష్టంగా వినబడింది. కత్తెర పట్టిన చెయ్యి ఊరుకుంటుందా, బట్టలైపోయాయి, ఇప్పుడు ఇల్లు కత్తిరిస్తోంది అంది. కాసేపటికి బావగారు మెట్లు దిగొచ్చి, "ఏమైనా సాయం కావాలేమో కనుక్కోమంది మీ అక్క" అన్నారు.

మోటారు వేసేముందు కింద మనుషులున్నారో చచ్చారో చూసుకోమనండి అన్నాను. బావగారు తలూపి పైకెళ్లారు. మెట్ల మీదుగా ఆయన మాట కూడా స్పష్టంగానే వినబడింది. "పాపం, సారీ చెప్పమంది."

నేను చెప్పని సారీ పైకి చేరిపోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

ట్యాంకులో నీళ్లు రేపటి వరకు వస్తాయట. మోటారు పైపు అతికేదాకా ఇంట్లో ఎవరికీ కొత్త నీళ్లు లేవు. దారిలోఉన్నాకి ఫోన్ చేశాను. ఈసారి నిజంగానే బండి చప్పుడు వినబడింది. కానీ దూరమవుతున్నట్టుంది.

అదే రోజు, సాయంత్రం

మా ఆయన పై పైపు లాగి పట్టుకుంటే కప్లింగు పెట్టి అతికాను. గంట ఆగి మోటారు వేయించాను. కప్లింగు ఫట్మని ఊడి, గోడకి తగిలి, బకెట్లో పడింది. మా ఆయన వీడియో వెనక్కి తిప్పి చూసి, తడి పైపు మీద సొల్యూషన్ పట్టదట, ముందు పొడిగుడ్డతో తుడవాలట అన్నారు. ఆ ముక్క ఇందాక ఎందుకు చెప్పలేదన్నాను. ఇందాక ప్రకటన వచ్చిందన్నారు.

నేను ఇంకేమీ రాయదల్చుకోలేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

ట్యాంకు ఖాళీ. మా ఆయనకి డ్యూటీ. బావగారు రెండు క్యాన్లు పట్టుకుని మంచినీళ్లకి వెళ్లారు.

నేను పెరట్లో. కోసిన కొసలు రెండూ తుడిచి, గుడ్డముక్క లోపలికంటా దూర్చి తడి లాగేసి, రుద్ది, ఆరబెట్టాను. చిక్కేమిటంటే రెండు కొసల మధ్య కప్లింగు దూరే సందు లేదు. పై పైపుని కొంచెం పైకి లాగి పట్టుకుంటే దూరుతుంది. ఒక చేత్తో పైపు లాగితే సొల్యూషన్ పూసే చెయ్యి లేదు. నోటితో బ్రష్ పట్టుకుని చూశాను. ఆ వాసనకి కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇంట్లో ఉన్న నీళ్లు అవొక్కటే.

అంతలో పై పైపు దానంతటదే పైకి లేచింది.

తలెత్తి చూశాను. వెనక వసారా పిట్టగోడ మీంచి సగం మనిషి కిందికి వంగి, రెండు చేతులతో పైపు పట్టుకుని ఉంది అక్క. గోడకున్న బిగింపులు కూడా ఎప్పుడో ఊడదీసింది. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"ఎంత లాగాలి?" అంది.

ఏడాది తర్వాత మా అక్క నాతో అన్న మొదటి మాట అది.

"కొంచెం," అన్నాను.

"కొంచెమంటే ఎంత? నీ కొంచెం నాకు తెలుసు. వంటలో ఉప్పు కూడా కొంచెమే అనేదానివి."

"బొటనవేలంత! మాట్లాడకుండా పట్టుకో, పూస్తున్నా."

పూశాను. దూర్చాను. కాస్త తిప్పాను. ఇప్పుడు వదులు, మెల్లిగా అన్నాను. మెల్లిగా వదిలింది. ఇద్దరం అర నిమిషం ఊపిరి బిగబట్టి, పైపు పైకొస ఆమె, కింది కొస నేను, అలాగే పట్టుకుని నిలబడ్డాం. మోటారు పైపు అయింది.

ఇంకేం, అక్క కిందికి దిగొచ్చింది. అతుకు చుట్టూ తిరిగి చూసింది. సొల్యూషన్ దండగ చేశావంది. చీరకి అంటుకుంది చూసుకో అంది. అసలు కారే పైపు అలాగే ఉంది కదా, దాన్నెప్పుడు చేస్తావంది. ఇప్పుడే చేస్తానన్నాను. కారే అతుకు కోసి తీసేశాను. ఈసారి లోపలికి దూరే భాగం వదిలి మరీ ముక్క కోశాను. కుళాయి తగిలించడానికి చివర ఎల్బో పెట్టాలి. వంకరగా పెడతావు, ఇటివ్వు అంది. నేను ఇవ్వలేదు. నీది ఎప్పుడూ ఇంతే, మొరటు పని అంది.

అప్పటికే ఎల్బోకి సొల్యూషన్ పూసి పైపుకి తొడిగి ఉన్నాను. అప్పుడు నాకు నోరాగలేదు.

"అంత మొరటు పనైతే బయటికివ్వు. పెళ్లి బట్టలు ఇచ్చావుగా!"

అక్క ఒక్కసారిగా అరిచింది. "అవునే, ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలుసా? బయటివాడైతే బాగా లేదని నాలుగు తిట్టి మళ్లీ కుట్టించుకోవచ్చు. నువ్వైతే? నిన్నెలా తిట్టను? పెళ్లి ఇంట్లో చెల్లెల్ని పట్టుకుని ఎలా తిట్టను?"

"మరి పొద్దుట్నుంచి తిడుతున్నదెవర్ని?"

అక్క ఆలోచించింది. నిజాయితీగానే ఆలోచించింది, ముఖం చూస్తే తెలుస్తోంది. నిన్నట్నుంచి తిడుతున్నానంది. ముందు నవ్వింది ఎవరో చెప్పలేను. ఆమె నా భుజం మీద కొట్టింది, నేను తడి చేత్తో ఆమె మొహం మీద చిమ్మాను, ఆమె ఎల్బో పట్టుకుని ఊగిపోయింది. నవ్వీ నవ్వీ కింద కూర్చున్నాక గుర్తొచ్చింది.

సొల్యూషన్!

ఇద్దరం ఎల్బో పట్టుకుని తిప్పాం. కదల్లేదు. దేవుడు దిగొచ్చినా ఊడదని షాపాయన ముందే చెప్పాడు. ఎల్బో మూతి నేలని చూడాల్సింది, నిక్కబొడుచుకుని ఆకాశాన్ని చూస్తోంది.

ఏప్రిల్ 13, సోమవారం

మోటారు వేశాం. ఒక్క చుక్క కారలేదు. ట్యాంకు నిండింది. కుళాయి బిగించాం. విప్పితే నీళ్లు పైకి చిమ్మి, మళ్లీ మన మీదే పడుతున్నాయి. చిన్న రబ్బరు గొట్టం తగిలించి బకెట్‌లోకి వంచాను. కోసి సరిచేస్తానంటే అక్క రంపం పైకి పట్టుకుపోయింది. ఇంటికి నీళ్లొచ్చాయి, చాలు, ఇంక నువ్వు దేన్నీ కోయడానికి వీల్లేదంది.

భోజనాల వేళకి దారిలోఉన్నా వచ్చేశాడు! నిజం మనిషే, సంచీతో సహా. కుళాయి ముందు నిలబడి తల ఒక పక్కకి వాల్చి చూశాడు. తర్వాత రెండో పక్కకి. ఇదెవరు చేశారండీ అని నవ్వాపుకుంటూ అడిగాడు.

నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను.

"మా చెల్లెలు," అంది అక్క. "ఏం? కారుతోందా?"

లేదన్నాడు.

"మరింకేం? మా ఇంటి పని మా చెల్లెలు చేస్తుంది. నువ్వెళ్లు నాయనా, దారిలో ఎవరైనా ఎదురుచూస్తుంటారు."

తలుపు వెనక నాకు కోపం వచ్చింది. ఇదే మాట పెళ్లికి ముందు అని ఉంటే ఎంత బాగుండేది. కోపంతోనే వంటింట్లోకి వెళ్లి సింకులో కుళాయి తిప్పి, చాలాసేపు మొహం కడుక్కున్నాను. అక్క వచ్చి, నీళ్లొచ్చాయి కదా అని ఇలా వదిలేస్తావా అని కుళాయి కట్టేసి వెళ్లింది.

బావగారికి రోజంతా పనిలేదు. మెట్ల మీద కూర్చుని, ఇక తను ఎవరికి ఏం చెప్పాలని మా ఆయన్ని అడిగారట.

ఏప్రిల్ 16, గురువారం, ఉదయం

బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్లి ఆగిపోయాను. రబ్బరు గొట్టం ఊడి కింద పడి ఉంది. కుళాయి మీద ఒక కాకి కూర్చుని, ఆకాశం వైపు తెరిచి ఉన్న మూతిలో నిలిచిన నీళ్లు తాగుతోంది. ముక్కు ముంచి, తలెత్తి, మళ్లీ ముంచి.

పై వసారాలో అక్క కూడా ఆగిపోయి ఉంది.

ఇద్దరం మాట్లాడలేదు. కాకి ఎగిరిపోతుందని.