మీ యాడి గొంతుకు సరిపోయిన మైకు

రేగులగడ్డ తండా,
గార్ల మండలం,
20 మార్చి 2025.

చిరంజీవి పూజకు,

మీ బాపు భద్రు నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ యాడి, రెండు మేకలు, ఒక కుంటి కోడి అందరం బాగున్నాం. భూపాలపల్లిలో నువ్వూ, నీ హాస్టల్ స్నేహితురాళ్లూ బాగున్నారని, నర్సింగ్ పరీక్షలు ఒక్కొక్కటీ నీ చేతిలో ఓడిపోతున్నాయని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. ఇన్నేళ్లుగా చుట్టుపక్కల తండాలన్నిటికీ ఉత్తరాలు మోసిన పోస్ట్‌మ్యాన్‌ని. ఇప్పుడు నా సంచి నిండా బ్యాంకు కవర్లు, ఆధార్ కార్డులే. చేత్తో రాసిన కవరు ఒక్కటైనా అందులో పడాలని నాకు ఎప్పటినుంచో ఆశ. ఇంకెవరూ రాయకపోతే నేనే రాస్తాను, నేనే ముద్ర కొడతాను, ఎవరేమంటారు? మన లంబాడీ మాటకు లిపి లేదు కాబట్టి తెలుగులో రాస్తున్నాను, అమ్మ అనడానికి మాత్రం చేయి రాక యాడి అనే రాస్తున్నాను. మీ యాడి అన్న మాటలు వచ్చినచోట నువ్వే మన మాటలోకి తిప్పుకుని చదువుకో. తిట్లు వచ్చినచోట ఇంకొంచెం కారం కలుపుకో.

సంగతి మైకు గురించి. మీ యాడి మెడ గడ్డ చూసి మానుకోట దవాఖానలో డాక్టరమ్మ ఏం చెప్పిందో నీకు తెలుసు కదా. గడ్డ తీయాల్సిందే, గొంతు నరం దాని పక్కనే ఉంది, చాలామందికి ఏమీ కాదు, కొందరికి మాత్రం గొంతు బొంగురుపోవచ్చు అన్నది. మీ యాడి మిగతా మాటలన్నీ వదిలేసి ఆ "కొందరు" అన్నదాన్నే పట్టుకుంది. ఇంటికొచ్చి గడపలో కాలు పెట్టగానే, "రేపు నా బిడ్డ పెండ్లినాడు ఢావ్లో ఎవలు పాడాలె? డీజే డబ్బా పాడతదా? పాట మైకుల పట్టేదాక నా మెడ మీద కత్తి పడొద్దు" అని తేల్చేసింది.

ఆ పాటంటే నీకు చిన్నప్పుడు భయం. పెళ్లికూతురిని సాగనంపేటప్పుడు మెడ చుట్టూ చేతులు వేసి ఆడవాళ్లు ఏడుస్తూ పాడుతుంటే నువ్వు మంచం కింద దూరేదానివి. రాగం అందరిదీ ఒకటే, మాటలు మాత్రం ఏ తల్లికా తల్లి తన బిడ్డకు తానే కట్టుకోవాలి. నీ మాటలు మీ యాడి ఎన్నేళ్లనుంచి కట్టుకుంటోందో నాకే తెలియదు. అవి ఆమె గొంతులో తప్ప ఎక్కడా లేవు. అందుకే నాకు కంగారు పుట్టింది. గడ్డ ఆగదు, ఈమె వినదు.

ముందు మా అన్న కొడుకు కుమార్ ఫోన్లోనే రికార్డు చేద్దామన్నాడు. చేశాడు. అందులో రేకుల మీద గాలి, పక్కింటి ట్రాక్టరు, మన మేక అన్నీ చక్కగా పడ్డాయి. మీ యాడి మాత్రం ఎక్కడో గార్ల స్టేషన్లో నిలబడి పాడినట్టు వినబడింది. తర్వాత కురవి జాతరలో ఎర్రలైటు, నీలంలైటు వెలిగే మైకు ఒకటి కొనుక్కొచ్చాడు. స్పీకరు దాని పొట్టలోనే ఉంటుందట. ఈమె ఒకమాట అంటే అది నాలుగుసార్లు అంటుంది. ఏడుపు పాట కాస్తా ఎన్నికల ప్రచారమైపోయింది. "గీ మైకుల ఏడిస్తే నా బిడ్డ పెండ్లికి వచ్చినోళ్లు ఓట్లేసి పోతరు" అని మీ యాడి దాన్ని పిల్లలకు ఇచ్చేసింది.

ఇక ఇది కుర్రాళ్ల వల్ల అయ్యే పని కాదని, సెలవు పెట్టి, ప్యాసింజరు బండెక్కి నేనే జనగామ వెళ్లాను. అక్కడ నా స్నేహితుడు మజీద్ ఉన్నాడు. నాతోపాటు తపాలా ట్రైనింగుకు వచ్చి, గీ ముద్రలు కొట్టే కొలువు నాతోని కాదని మధ్యలోనే లేచిపోయి మైక్‌సెట్ల దుకాణం పెట్టుకున్నాడు. పెళ్లిళ్లకు, దర్గా ఉర్సులకు సౌండు బాక్సులు కిరాయికిస్తాడు, మైకులు అమ్ముతాడు. మనిషి బంగారం. నోరు మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

అద్దాల బీరువాలో లావుగా, నల్లగా, స్టాండు మీద నిలబెట్టిన మైకు ఒకటి చూశాను. యూట్యూబులో పాడేవాళ్ల ముందు ఉండేలాంటిది. అదే కావాలన్నాను, దర్జాగా. మజీద్ పకపకా నవ్వి, "అరె భాయ్, గది స్టుడియోల పెట్టుకునేది. దానికి చెవులు శానా పెద్దయి. నీ రేకుల ఇంట్ల పెడితే మేక నములుడు సుత పాటల కలుస్తది. నువ్వు చేత పట్టుకునే డైనమిక్ మైకు తీస్కో. ముంగట ఉన్న నోరు తప్ప పక్కన ఎవలున్నరో దానికి పట్టది. వైరుదే తీస్కో, పాట నడుమల బ్యాటరీ అయిపోయిందన్న పరేషాన్ ఉండది" అన్నాడు. అది ధరలో కూడా నా జీతానికి దగ్గర చుట్టమే కాబట్టి నేను వెంటనే ఒప్పేసుకున్నాను.

మూడు మైకులు తీసి బల్ల మీద పెట్టాడు. మూడింట్లోనూ తానే "హలో మైక్ టెస్టింగ్" అని అరిచి, మూడూ బ్రహ్మాండం అన్నాడు. ఇంతలో వాళ్లావిడ జరీనా చాయ్ పట్టుకొచ్చింది. మొగుడిని పక్కకు జరగమని, "భాయీజాన్, ఈయన అరిస్తే పగిలిన కుండ సుత బాగనే మోగుతది. మైకు కొనేది పాటకా, అరుపుకా?" అని అడిగింది. ఆమె వాళ్ల పెళ్లిళ్లలో ఢోలక్ ముందు కూర్చుని పాడే మనిషి. ఒకే పాట మూడింట్లో పాడింది. నన్ను గోడవైపు తిరగమని, ఏది ఏదో చెప్పకుండా వినిపించింది.

చవకదాంట్లో స, శ అన్నచోటల్లా పోపు వేసినట్టు చుర్రుమంది. పైగా డొల్లగా ఉంది, పట్టుకున్న వేళ్లు కదిలితే ఆ చప్పుడూ పడింది. ఖరీదుదాంట్లో జరీనా ఊపిరితో సహా అంతా వినబడింది కానీ, దాని ధర విన్నాక నా ఊపిరి వినబడలేదు. నడిమిది చేతికి కాస్త బరువుగా ఉంది. గొంతు ఉన్నది ఉన్నట్టు పలికింది, పెంచలేదు, తుంచలేదు. అదే తీసుకున్నాను. దాని వైరు నేరుగా ఫోన్‌కు తగలదని, మధ్యలో పెట్టే చిన్న డబ్బా కూడా ఇచ్చాడు మజీద్. నోటికి పిడికెడు దూరంలో, కొంచెం వారగా పట్టుకోవాలని జరీనా నా చేతికి నేర్పింది. పప్పు, బగారన్నం తినిపించి గానీ పంపలేదు వాళ్లు.

ఇంటికొచ్చి పెళ్లిలో పీట వేసినట్టు పీట వేసి, మీ యాడి చేతికి మైకు ఇచ్చాను. పాట ఎత్తుకుంది. కుమార్ ఫోన్‌లో వినిపించాడు. ఏముందనుకున్నావు? గల్లుగల్లు. చేయి కదిలిన ప్రతిసారీ ఆమె గాజులన్నీ కలిసి పాడుతున్నాయి. మైకు ఆమె చేతిలోనే, గాజులు మైకు పక్కనే. పక్కన ఉన్నది పట్టదన్న మైకుకు మన గాజుల సంగతి ఎవరు చెప్పారు?

ఇక్కడే మీ బాపు తెలివి వెలిగింది. రికార్డింగు తొందరలో ఉన్నాను, జనగామ వెళ్లొచ్చిన గర్వంలో ఉన్నాను, ఆలోచించకుండా, "జర గాజులు తీసి పక్కన పెట్టు" అనేశాను. మోచేయి పైనున్న గాజులతో సహా.

కుమార్ నోరు తెరిచాడు. మీ యాడి మైకు కింద పెట్టింది. మొగుడు బతికుండగా ఆ పై గాజులు తీయరని తండాలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అవి తీసేది మొగుడు పోయిననాడే. మైకు ఆన్‌లోనే ఉంది, దాన్ని కుమార్ సౌండు బాక్సుకు కూడా తగిలించాడు. అంటే నా మాట మన ఒక్క ఇంట్లోనే కాదు, తండా అంతా వినబడింది.

ముందుగా కట్టమ్మ అవ్వ వచ్చింది. ముసలామె కర్రను నా పాదం పక్కనే పొడిచి, "ఏందిరా భద్రు, పోయే తొందరల ఉన్నవా? పోతే పో, పెండ్లానికి గిట్ల మైకుల పెట్టి చెప్తరా?" అని అడిగింది. వెనక ఇంకా పదిమంది. నేను బతికే ఉన్నానని, ఇంకా చాలాకాలం ఉండాలనే అనుకుంటున్నానని అందరికీ విడివిడిగా చెప్పుకోవాల్సి వచ్చింది. మీ యాడి ఆ పూట నాకు రొట్టె పెట్టింది కానీ కూర పెట్టలేదు. మర్నాడు ఉత్తరాలు పంచుతుంటే తిరుమల చాయ్ హోటల్ దగ్గర, "పోస్టన్నా, పాణం ఎట్లున్నది?" అని పరామర్శ. కోపంతో నేను చాయ్ కూడా తాగకుండా వచ్చేశాను.

తర్వాత గాజులకు గుడ్డ చుట్టి చూశాం. చప్పుడు పోయింది, పాట కూడా పోయింది. రెండు ముక్కలు పాడి ఆగిపోయింది. కుమార్ వడ్ల బస్తా నిలబెట్టి, "చిన్నమ్మా, గిదే పూజ అనుకో" అన్నాడు. మీ యాడి బస్తాను కౌగిలించుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఉన్నట్టుండి ఏడుపైంది. "మెడ లేకుంట ఢావ్లో ఎట్ల వస్తదయ్యా? నా గొంతు పోయినంక నా బిడ్డ మెడ దొరికి ఏం లాభం?" అంది. పూజా, ఇక ఉండబట్టలేక నేనే వెళ్లి పీట మీద కూర్చున్నాను. నా మెడ ఉంది కదా అన్నాను.

నవ్వితే నవ్వు. ఆమె తన ముసుగు నా తల మీదికి లాగి, రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి పట్టుకుంది. మైకు నేనే మా ఇద్దరి మధ్య, ఆమె గదవ కింద నిలబెట్టి పట్టుకున్నాను, పిడికెడు దూరం, కొంచెం వారగా. నీ పేరు పిలిచి పాట ఎత్తుకుంది. చేతులు బిగిసి ఉన్నాయి కాబట్టి గాజు ఒక్కటీ కదలలేదు.

ఏం పాడిందో ఇక్కడ రాయను, నువ్వే విను. ఒక్కమాట మాత్రం చెబుతాను. నువ్వు సూది పట్టుకుంటే ఊరంతా చేయి చాపుతుందని, నీ చేయి పట్టుకునేవాడు నీకు నొప్పి తెలియనియ్యొద్దని ఒకచోట పాడింది. అక్కడ వెనక ఎవరో వెక్కిన చప్పుడు వస్తుంది. అది కుమార్ అని అందరికీ చెప్పాను. నేనే.

వినిపిస్తే గుమ్మం బయట ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కట్టమ్మ అవ్వ నా తల నిమిరి నూరేళ్లు బతకమంది. ఇప్పుడు మైకు మన ఇంట్లో ఉండటం లేదు. తండాలో ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ దానితోనే పని. మొగుళ్లంతా ముసుగులు వేసుకుని పెళ్లికూతుళ్లయి కూర్చుంటున్నారు. నిన్న లక్ష్మా, అదే ఆ మీసాల లక్ష్మా, ముసుగులోంచే ఫోన్ చేసి, "అన్నా, నేను సుత ఏడ్వాల్నా?" అని నన్నే సలహా అడిగాడు.

పాట ఉన్న మెమరీ కార్డు ఈ కవరులోనే, గట్టి అట్టకు అంటించి పెట్టాను. చివరి పరీక్ష రాశాకే వినాలి. ఆపరేషన్ సంగతి నువ్వు వచ్చాక తీరిగ్గా చూసుకుందాం. మీ యాడి రోజూ పొద్దున్నే మిరపకాయలు ఏరడానికి పోతోంది, అందుకే నువ్వు చేసినప్పుడల్లా ఫోన్‌కు దొరకడం లేదు. వేళకు తిను. వైద్యం చదివేవాళ్లే తిండి మానేస్తే ఎట్లా?

నీ మేలు కోరే,
మీ బాపు,
బానోత్ భద్రు, పోస్ట్‌మ్యాన్.

తాజా కలం: కవరు అంటించబోయి ఆగాను. ఇన్నేళ్లలో ఎవరెవరివో కవర్లు మోశాను, వాటిలో ఎన్ని అబద్ధాలున్నాయో నాకు తెలియదు. నా చేత్తో రాసినదాంట్లో మాత్రం ఉండకూడదనిపించింది. మీ యాడి మిరప తోటలో లేదు. మానుకోట దవాఖానలో, నా పక్కన మంచం మీద ఉంది. ఈ ఉత్తరమంతా ఇక్కడే బల్ల మీద కూర్చుని రాశాను. పాట రికార్డయిన మర్నాడే తానే సంచి సర్దుకుంది. నీకు చెబితే పరీక్ష వదిలేసి వస్తావని నాతో ఒట్టు వేయించుకుంది. సోమవారం గడ్డ తీశారు, అంతా మంచిగా జరిగింది. గొంతుకు విశ్రాంతి కావాలని మాట్లాడొద్దన్నారు, అందుకే నీకు ఫోన్‌లో ఇవ్వలేకపోయాను.

ఇందాక డాక్టరమ్మ వచ్చి ఏదైనా ఒకమాట అనమంది. మీ యాడి భయంతో తల అడ్డంగా ఊపింది. నర్సమ్మ చేతిలో కాగితం చూసి, "నీ భర్త పేరేందమ్మా?" అని అడిగింది. నీకు తెలుసు కదా, కాపురానికి వచ్చిననాటి నుంచి నేను ఆమెకు "ఇదిగో"ను, నువ్వు పుట్టాక "పూజ బాపు"ను. నా పేరు ఆమె నోట ఏనాడూ రాలేదు. ఆమె నావైపు చూసింది, పైన తిరిగే ఫ్యానువైపు చూసింది. "భద్రు" అంది. కొంచెం బొంగురుగా ఉంది, కొద్దిరోజుల్లో అదీ పోతుందట. కానీ అది మీ యాడి గొంతే, పూజా, నిఖార్సుగా ఆమెదే. నర్సమ్మ సరేనని వెళ్లిపోతుంటే నేను వెంట పరుగెత్తి, "సరిగ్గా వినబడలేదమ్మా, జర ఇంకొక్కసారి అడుగు" అని బతిమాలాను.

వినబడింది తల్లీ. బాగానే వినబడింది.