పదహారడుగుల బల్ల

బాబాయి గారికి,

చిట్టి నమస్కారాలు. ఫోన్లో నేను చెప్పేదాంట్లో సగం మీ రంపం మింగేస్తోంది కాబట్టి ఉత్తరమే నయం.

మా సూపుకొట్టుకి కానుకగా మీరు చేసి పంపిన బల్ల నిన్న పొద్దున చేరింది. చూడగానే నాకూ వదినకీ నోట మాట రాలేదు. చాలాసేపటికి వదిన, "మీ బాబాయి మనసు పెద్దది" అంది.

అమ్మ మీకు నా గురించి ఏం చెప్పిందో తెలియదు. అసలు సంగతి ఇది. పదకొండేళ్లు లిఫ్టుల కంపెనీలో ఫిర్యాదులు రాసుకుని రాసుకుని మానేశాను. వదిన ఆసుపత్రి వంటశాలలో ఉప్పులేని సూపు కాచి కాచి మానేసింది. ఇద్దరం కలిసి ఒక పాత ఫోటో స్టూడియో అద్దెకి తీసుకున్నాం. సూపు, రొట్టె, అంతే. ఈ వీధిలో క్షౌరశాల ఉంది, పళ్ల డాక్టరు ఉన్నాడు, టైపు నేర్పే ఆవిడ ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరి తలుపు వాళ్లు వేసుకుని, ఎవరి డబ్బా వాళ్లు తెరుచుకుని తింటారు. పదేళ్లుగా పక్కపక్కన ఉన్నవాళ్లకి ఒకరి గొంతు ఒకరికి తెలియదు. వాళ్లని బయటికి రప్పించగలమా లేదా అన్నదే మా ఇద్దరికీ రాత్రింబవళ్లు బెంగ.

సోమవారం కొట్టు తెరుస్తున్నాం. ఈ ఒక్క బల్లతోనే తెరుస్తాం. మేమడిగిన ఎనిమిదింటిలో మిగతా ఏడింటి గురించి మీరు బెంగపెట్టుకోకండి. వాటికి ఇక్కడ చోటు లేదు.

ఇట్లు,
మీ చిట్టి

తా.క. బల్ల గుమ్మంలోంచి రాలేదు. కిటికీ చట్రం ఊడదీసి లోపలికి తెచ్చి, మళ్లీ బిగించారు. ఇది ఫిర్యాదు కాదు. ఫిర్యాదులు రాయడం మానేశానని చెప్పానుగా.

*

చిరంజీవి చిట్టికి,

బాబాయి దీవించి రాయునది. బల్ల చూసి నీకు నోట మాట రాలేదంటే నా కష్టం ఫలించింది. ముప్పై ఏళ్లుగా చిత్రిక పడుతున్నాను, నోట మాట రాని గిరాకీ ఇంతవరకు తగల్లేదు. అందరికీ వస్తుంది, అదీ ఎక్కువగానే.

కానీ ఒక్క బల్లతో తెరవడమేమిటమ్మా? నలుగురు పట్టే బల్లలు ఎనిమిది కావాలని గది కొలతలతో సహా గీసి పంపింది నువ్వే కదా. ఇప్పుడు ఏడింటిని మూలకి నెట్టి ఒక్కటే వేస్తానంటున్నావంటే, జనం రారని భయపడుతున్నావన్నమాట. ఖాళీ బల్లలు చూసి జనం నవ్వుతారనుకోకు. ధైర్యం చేసి అన్నీ పరుచు. చోటు చాలకపోతే రెండు వీధిలో వెయ్యి.

గుమ్మంలోంచి రాకపోవడమేమిటో నాకు అంతుపట్టలేదు. మీ గుమ్మం అంత ఇరుకా? లోపలికి మనుషులు ఎలా వస్తున్నారు? ఎవరెవరు వచ్చారో, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, ఏం మాట్లాడుకున్నారో అన్నీ వివరంగా రాయి. నాకు కొయ్యతోనే గానీ మనుషులతో పొద్దుపోదు, అందుకే మనుషుల సంగతి వినాలని ఉంటుంది.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. సూపు తాగుతారా, తింటారా అని మీ పిన్ని అడుగుతోంది. నేను తాగుతారన్నాను. అయితే కుర్చీలెందుకు, నిలబడి తాగొచ్చుగా అంది.

*

బాబాయి గారికి,

మీ ఉత్తరం వదినా నేనూ రెండుసార్లు చదివాం. 'అన్నీ పరుచు' అంటే మిగతావి కూడా బయల్దేరాయన్నమాట. బాబాయ్, దయచేసి వాటిని దారిలోనే ఆపించండి. ఇలాంటివి ఏడు వస్తే వాటిని వీధి చివరిదాకా వరసగా వేసుకోవాలి. అప్పుడు బస్సు మా బల్ల మీంచి వెళ్లాల్సిందే.

పిన్ని అన్నది అక్షరాలా జరిగింది. బల్ల నా పక్కటెముకల దాకా వచ్చింది. మేము తెచ్చిన కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి గిన్నె సరిగ్గా గడ్డం దగ్గరికి వచ్చింది. మొదటి పావుగంట అందరూ నిలబడే తాగారు. అంతలో క్షౌరశాలాయన వెళ్లి, తన కొట్టులోంచి తిరుగుడు కుర్చీ దొర్లించుకుంటూ తెచ్చుకున్నాడు. కాలితో నాలుగు నొక్కులు నొక్కేసరికి కుర్చీ బల్ల ఎత్తుకి లేచింది. ఆయన దర్జాగా రొట్టె ముంచుకుని తింటూంటే పళ్ల డాక్టరుకి చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. తన చక్రాల స్టూలు తెచ్చుకున్నాడు. టైపు మేడమ్ తన ఎత్తు స్టూలుతో పాటు, "మా ఇంట్లో ఊరికే పడున్నాయి" అని ఇంకో మూడు మోయించింది. గోడలకి రంగులేసే ఆయన నిచ్చెన మీద కూర్చున్నాడు.

అందరూ ఒకే బల్లకి చేరాక చెయ్యగలిగింది ఏముంటుంది? ఉప్పు ఒక కొసన ఉంది. "కాస్త ఇటు జరుపుతారా" అంటే అది పదిమంది చేతులు మారి రావాలి. ఉప్పు వచ్చేటప్పుడు దాంతోపాటు ఏదో ఒక మాట కూడా వస్తోంది. "మీరేనా రోజూ ఈల వేస్తూ తాళం తీసేది" అని టైపు మేడమ్ క్షౌరశాలాయన్ని అడిగింది. ఆయన ఔనన్నాడు. "రెండో చరణం తప్పు వేస్తున్నారు, ఆరేళ్లుగా" అంది ఆవిడ.

మొదటి రోజు పదకొండు మంది. బస్సు డ్రైవరు ఒకాయన, దళసరి కళ్లద్దాల ఆవిడ ఒకరు కూడా వచ్చారు. ఆవిడ రోజూ ఒక్కతే వస్తుంది, ఏం చేస్తుందో ఇంకా తెలియలేదు. తెలుసుకునేదాకా నాకు నిద్ర పట్టదు.

ఇట్లు,
మీ చిట్టి

తా.క. పళ్ల డాక్టరు పక్కన కూర్చున్నవాళ్లెవరూ తీపి రొట్టె అడగడం లేదు. వదిన ఆయన్ని రోజుకో చోట కూర్చోబెడదామంటోంది.

*

చిరంజీవి చిట్టికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకుని చదివాను. ఒక్క ముక్క బోధపడితే ఒట్టు.

ఆపించడమేమిటి? అన్నీ ఒకే లారీలో వచ్చేశాయి కదా. వచ్చినవాటిని వెనక్కి తిప్పితే నా పరువేం కాను? ఎత్తు ఎక్కువైందంటావా, దానికి నేనేం చెయ్యను. నువ్వు చిన్నప్పటినుంచీ పొట్టిదానివే. గడప దాటడానికి కూడా నిన్ను ఎత్తుకోవాల్సొచ్చేది. మామూలు మనుషులకి అది మామూలు ఎత్తే.

నన్ను తినేస్తున్న ప్రశ్న ఇది. నలుగురి బల్ల దగ్గర పదకొండు మంది ఎలా పట్టారు? ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారా? డాక్టరుగారు ఎవరి ఒళ్లో కూర్చున్నారు? మీ పిన్నికి ఈ సంగతి చదివి వినిపిస్తే, "సిటీ వాళ్లకి మొహమాటం ఉండదు" అంది. నాకు మాత్రం కాళ్ల గురించి బెంగగా ఉంది, బల్ల కాళ్ల గురించి. అంత బరువుకి చేసినవి కావవి.

టేపు పట్టుకుని ఒకసారి ఆ బల్ల కొలిచి రాయి. పొడవు, వెడల్పు, ఎత్తు. వెంటనే.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. ఆ కళ్లద్దాల ఆవిడ ఎవరో తేలిందా? నాకూ నిద్ర పట్టడం లేదు.

*

బాబాయి గారికి,

మీరు అన్నీ వచ్చాయంటున్నారు గానీ లారీలోంచి దిగింది ఇదొక్కటే. కొలవడానికి టేపు దేనికి, మీరే బల్ల అంచు పొడవునా అంగుళాలు చెక్కి పంపారుగా. సున్నా నుంచి నూట తొంభై రెండు దాకా. మొదట్లో అది అలంకారం అనుకున్నాం. ఇప్పుడు మా వ్యాపారమంతా దాని మీదే నడుస్తోంది. "నలభై నుంచి అరవై దాకా నాకు ఉంచండి" అని డ్రైవరు పొద్దున్నే చెప్పి వెళ్తాడు. టైపు మేడమ్‌కి నూట ఇరవై అచ్చొచ్చిందట. నిన్న రంగులాయన రెండు అంగుళాలు ముందుకి వచ్చాడని క్షౌరశాలాయన నాకు చెప్పాడు. ఇద్దరూ కలిసి వంగి చూసుకున్నారు. నిజమే, రెండు అంగుళాలు.

ఇక కళ్లద్దాల ఆవిడ. ఈ వీధిలో బస్సు ఆగదు. ఎక్కాలంటే రెండు వీధులవతలకి నడవాలి. మొన్న డ్రైవరు గిన్నె కింద పెట్టి, "రోజూ ఇటే వస్తాను, ముసలివాళ్లు చెయ్యెత్తుతారు, ఆపడానికి నాకు అనుమతి లేదు. ఎవడు గీశాడో ఈ దారి" అన్నాడు. ఎదురుగా ఆవిడ చెంచా కింద పెట్టింది. "నేనే" అంది. బస్సు దారులు గీసే ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా ఆవిడదే ఆ పని. "నా పటంలో ఇక్కడ ఖాళీ అని ఉంది" అంది ఆవిడ నెమ్మదిగా. అప్పుడు ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు, డాక్టరు దగ్గరికి రోజుకి ఎందరు వస్తారో, టైపుకి ఎందరు పిల్లలు నడిచి వస్తారో. వదిన రొట్టె కాగితం ఒకటి చింపి ఇస్తే ఆవిడ దాని మీదే రాసుకుంది. వచ్చే నెల ఒకటి నుంచి మా గుమ్మం ముందు బస్సు ఆగుతుంది.

బాబాయ్, ఒక నిజం ఒప్పుకోవాలి. మొదటి రోజు మీ మీద పీకలదాకా కోపం వచ్చింది. ఎనిమిది అడిగితే మీ ఇష్టం వచ్చినట్టు ఒకటే, అదీ వంతెనంత పొడుగ్గా చేసి పంపారని. దాన్ని నాలుగు ముక్కలు కోయిద్దామని రంపం పనివాణ్ణి కూడా పిలిచాను. వాడు వచ్చేసరికి బల్ల చుట్టూ జనం ఉన్నారు. ఎవరూ లేవలేదు. వాడూ సూపు తాగి వెళ్లిపోయాడు, ఇప్పుడు రోజూ వస్తున్నాడు. ఎనిమిది బల్లలు వేసి ఉంటే ఎనిమిది మంది ఎనిమిది మూలల్లో గోడలు చూస్తూ తాగేవాళ్లు. అది మీకు ముందే ఎలా తెలిసింది? కొయ్యతోనే గానీ మనుషులతో పొద్దుపోదన్నారు, మనుషుల్ని ఇంతలా ఎక్కడ చదివారు?

గోడ మీద ఒక పలక రాయించాను: 'ఈ బల్ల మా బాబాయి ఆలోచన.' పత్రిక నుంచి ఒకావిడ గురువారం వస్తోంది. మీ గురించే రాస్తుందట. మీ ఫోటో ఒకటి పంపండి, చిత్రిక పడుతున్నది.

ఇట్లు,
మీ చిట్టి

తా.క. క్షౌరశాలాయన ఇప్పుడు రెండో చరణం సరిగ్గా వేస్తున్నాడు. మొదటిది పాడైంది.

*

చిరంజీవి చిట్టికి,

ఫోటో పంపడం లేదు. పలక కూడా తీసేయించు. ఎందుకో చెబుతాను, నవ్వకుండా చదువు.

నూట తొంభై రెండు అంగుళాల బల్ల నేను చేసింది నీకు కాదు. మన పక్క ఊళ్లో దర్జీ మాస్టారు ఉన్నాడు, ఆయన కింద ఎనిమిది మంది కుట్టుపనివాళ్లు. గుడ్డ పరిచి, నిలబడి కత్తిరించుకోవడానికి ఆయన చేయించుకున్న కోత బల్ల అది. అందుకే ఆ ఎత్తు, అందుకే ఆ అంగుళాలు. అదీ, నీ ఎనిమిది బల్లలూ ఒకే రోజు రెండు లారీలెక్కాయి. చిరునామా చీటీలు తారుమారయ్యాయి. నీ ఉత్తరంలో అంగుళాల సంగతి చదవగానే నాకు చెమటలు పట్టాయి. నువ్వు పొట్టిదానివని కూడా రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వెంటనే దర్జీ మాస్టారు దగ్గరికి పరిగెత్తాను, కాళ్లు పట్టుకుందామనే. ఆయన నన్ను గుమ్మంలోనే ఆపి, "బల్లలు వెనక్కి అడగడానికి వచ్చావా? ఇవ్వను" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. లోపలికి తీసుకెళ్లి చూపించాడు. ఆ ఎనిమిది మందీ ఇంతకాలం ఒకే పాత బల్ల దగ్గర పనిచేస్తూ, నా కత్తెర తీశావు, నా మోచేతికి తగిలావు అని పొద్దస్తమానం కొట్టుకు చచ్చేవాళ్లట. ఇప్పుడు మనిషికో బల్ల. ఎవరి కత్తెర వారిది. చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. గుడ్డ కత్తిరించాల్సి వస్తే కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎనిమిదీ కలిపేసుకుంటున్నారు. "నీలాంటి తెలివైన వడ్రంగిని చూడలేదయ్యా" అని నా వీపు తట్టాడు. నేను తలూపి వచ్చేశాను. అక్కడ ఒప్పుకోలేదు. నీ దగ్గర ఒప్పుకుంటున్నాను.

కాబట్టి నాకు మనుషులు తెలియరు. నాకు తెలిసింది కొయ్య, అంతే. పత్రికావిడకి నిజం చెప్పు. నీ బల్ల దగ్గర మనుషులు కలిశారంటే అది కుర్చీలు మోసుకొచ్చిన వాళ్ల గొప్పతనం, కుండ దించకుండా సూపు కాచిన మీ ఇద్దరి గొప్పతనం.

ఇట్లు,
తప్పు చేసిన మీ బాబాయి

తా.క. పలక తీసేయడానికి మనసొప్పకపోతే, 'ఆలోచన' అన్న మాట ఒక్కటీ చెరిపేసి 'పొరపాటు' అని రాయించు.

*

చిట్టీ, నేను మీ పిన్నిని. ఆయన ఉత్తరం మడిచి, పోస్టులో వెయ్యమని నాకిచ్చారు. కవరు అంటించేలోగా నాలుగు ముక్కలు రాస్తున్నాను.

చీటీలు తారుమారయ్యాయని లారీలు కదలకముందే నేను చూశాను. గడపలో నిలబడే ఉన్నాను. చెబుదామని నోరు తెరిచాను కూడా. ఆ పొద్దునే ఆయన, "వంటింట్లో సంగతులు నువ్వు చూసుకో, నా పనిలో వేలు పెట్టకు" అన్నారు. పెట్టలేదు.

ఈ సంగతి ఆయనకి చెప్పకమ్మా. ఇప్పుడు ప్రతి చీటీ నా దగ్గరికి తెచ్చి, "ఇది సరిగ్గా ఉందేమో ఒక్కసారి చూడు" అంటున్నారు. ముప్పై ఏళ్ల కాపురంలో నన్ను అడగడం ఇదే మొదలు.