అతికించని రాళ్ళు

బుధవారం, పదకొండో తారీఖు. పొద్దున్నుంచీ ముసురు, గాలి లేదు. వంటింటి కుళాయి కారుతుంటే వాషరు మార్చాను.

అమ్మాయికి నాన్న దీవెనలు.

వాతావరణ ఆఫీసులో పనిచేసే నీకు వాన కబురు రాయడమేమిటని నవ్వుకుంటావు. రోజూ రాసుకునే పుస్తకంలో ముందు తారీఖు, తర్వాత వాన, తర్వాత చేసిన పని. చెయ్యి అలా అలవాటు పడిపోయింది. ఇక్కడ ముగ్గురమూ, అంటే అమ్మ, అమ్మని చూసుకునే ఆయమ్మ, నేను, వేళకి తింటున్నాం, వేళకి పడుకుంటున్నాం. కులాసా అనే మాటకి అంతకన్నా పెద్ద అర్థం ఈ మధ్య నేను వెతకడం లేదు. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. సెలవు దొరికిందని, వచ్చే నెల మొదట్లో వస్తున్నావని చదివి ఆయమ్మకి కూడా చదివి వినిపించాను. నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. చివరిదానికి మాత్రం కొంచెం వ్యవధి కావాలి.

నా దగ్గు తగ్గింది. కళ్ళజోడు మార్పించుకున్నాను. పక్కింటి కుట్టుపని ఆవిడ నిన్ను అడిగినట్టు చెప్పమంది. పై గదిలో చెమ్మ ఉన్నమాట నిజమే, నువ్వు వచ్చేలోగా సున్నం వేయిస్తాను.

ఇక చేపల తొట్టి. "నాలుగు రాళ్ళు పెట్టడానికి ఇన్ని నెలలా నాన్నా, తొట్టి కడుతున్నావా, కోట కడుతున్నావా?" అని రాశావు. ఆ వాక్యం దగ్గర గట్టిగానే నవ్వాను. కానీ ఈ రాళ్ళ పని బయటికి కనిపించినంత తేలిక కాదు తల్లీ. ఇవి అగ్నిపర్వతం కక్కిన రాళ్ళట. ఒళ్ళంతా తేనెపట్టులా చిల్లులు. ఆ చిల్లుల్లో కంటికి కనిపించని జీవాలు కాపురం పెట్టి చేపల మురికిని తినేస్తాయనీ, నీళ్ళు బాగుంటాయనీ చదివి ఏరి తెచ్చాను. అయితే చిల్లుల్లో దుమ్ము కూడా కాపురం ఉంటుంది. దాన్ని ఖాళీ చేయించడమే పని.

ముందు ఒక్కొక్క రాయి మీద వెనిగర్ చుక్క వేసి చూశాను. నురగ వస్తే లోపల సున్నం ఉన్నట్టు, ఆ రాయి నీటి గుణం మార్చేస్తుంది. ఒకటి బుసబుసమంది, తీసి పారేశాను. మిగతావి బ్రష్షుతో తోమాను. సబ్బు ముట్టనివ్వలేదు. ఆ చిల్లులు సబ్బుని మింగితే మళ్ళీ వదలవు. తర్వాత బకెట్లో నానబెట్టి రోజూ నీళ్ళు మార్చడం. మొదట్లో ఇటుకలు కడిగిన నీళ్ళలా ఎర్రగా వచ్చేవి. ఉడకబెట్టమని నువ్వు రాశావు. అది మాత్రం చేయలేదు. మూసుకుపోయిన చిల్లులో చిక్కుకున్న నీరు వేడికి ఆవిరై దారి దొరక్కపోతే రాయి ఫట్‌మని పగిలి మీదికి ఎగరొచ్చు. వంటింట్లో ఆయమ్మ తిరుగుతుంటుంది. చేపలకి గీరుకోకుండా రాళ్ళ మొనలు ఆకురాయితో అరగదీశాను.

ఒక బూడిదరంగు రాయి మరీ తేలిక. బకెట్లో వేస్తే మునగలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఆయమ్మా, ఇటు రా! మన మేస్త్రీకి మునిగే రాయి కూడా దొరకలేదు!" అని పడీ పడీ నవ్వింది. అమ్మ అలా నవ్వి చాలా కాలమైంది. ఆ రాయిని కావాలనే వారంపాటు తేలనిచ్చాను.

మేస్త్రీ ఎవరంటావా? వస్తున్నాను, ఆగు.

అమ్మ నీ గురించి అడుగుతుందా అని రాశావు. అడుగుతుంది. బడి వదిలే వేళకి వీధి గుమ్మంలోకి వచ్చి, "మా దొరసాని ఇంకా రాలేదేం?" అంటుంది. ఆయమ్మ "ఇవాళ ఆటల పీరియడ్ ఉందండీ" అంటుంది. అమ్మ తృప్తిపడి లోపలికి వెళ్తుంది. నువ్వు వచ్చాక నీ మొహం చూసి తెలియనట్టు మాట్లాడితే బెదిరిపోకు. ఆవిడ ఎదురుచూసే దొరసాని మోకాళ్ళ దాకా గౌను వేసుకుని, రెండు జడలతో వస్తుంది. ఎదురుచూడటం మాత్రం నీకోసమే.

ఇక చివరిది. "పగలు ఫోను చేస్తే ఎందుకు తీయవు? మొన్న తీసి 'రాంగ్ నంబరండీ' అని పెట్టేశావు. నా గొంతు గుర్తుపట్టలేదా నాన్నా?" అని రాశావు.

గుర్తుపట్టాను. అమ్మ పక్కనే ఉంది. నీ గొంతు పెద్దది, ఫోనులోంచి "నాన్నా" అన్న పిలుపు గదంతా వినిపించింది. అందుకే అలా అన్నాను. తర్వాత పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

వానలు మొదలైనప్పటి నుంచీ అమ్మకి నేను తెలియను. అంతకుముందు పూటకోసారి మరిచిపోయి, మళ్ళీ "ఏమండీ" అనేది. ఒకనాడు పొద్దున్నే లేచి, నన్ను మంచం మీద చూసి కేక పెట్టింది. "ఎవడో మగాడు నా గదిలో దూరాడు" అని స్నానాలగదిలోకి పోయి గడియ వేసుకుంది. పెళ్ళి ఫోటో తెచ్చి తలుపు సందులోంచి చూపించాను. "ఈయన మా ఆయన. నువ్వెవడివి?" అంది. ఆ రోజు నేను కనబడినంతసేపూ మెతుకు ముట్టలేదు. మర్నాడూ అంతే. వాదించొద్దన్నాడు డాక్టరు. "ఆవిడ ఏ ఊళ్ళో ఉంటే మీరూ ఆ ఊరికే వెళ్ళండి" అన్నాడు. ఆ ఊళ్ళో నాకు చోటు లేదే అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ వారమే నువ్వు పంపిన తొట్టి వచ్చింది. హాల్లో నేల మీద మోకాళ్ళు వేసి అట్టపెట్టె విప్పుతున్నాను. వెనక నుంచి అమ్మ గొంతు, నెమ్మదిగా: "నువ్వు తొట్టి బిగించడానికి వచ్చావా బాబూ?"

వెనక్కి తిరిగితే మొహంలో భయం లేదు. నేను "అవునమ్మగారూ" అన్నాను.

అంతే. ఆయమ్మని పిలిచి నాకు టీ ఇమ్మంది. పెళ్ళయిన నాటి నుంచీ మీరు అని తప్ప పిలవని మనిషి నన్ను నువ్వు అంటోంది. నువ్వు అని తప్ప పిలవని నేను ఆవిడని అమ్మగారూ, మీరు అంటున్నాను. మొదటిరోజు నాలిక తిరగలేదు. ఇప్పుడు అలవాటైంది.

అప్పటి నుంచీ రోజూ పొద్దున్నే పెరటి తలుపులోంచి బయటికి వెళ్ళి, సందు చుట్టి వచ్చి, పనిముట్ల సంచీతో వీధి తలుపు గంట కొడతాను. ఆయమ్మ తలుపు తీసి, అమ్మకి వినబడేట్టు, "ఏం మేస్త్రీ, ఇవాళా ఆలస్యమేనా? బస్సు నీకోసం ఆగలేదా?" అంటుంది. ఆవిడకి ఈ వేషం మహా సరదా. సాయంత్రం అమ్మకి నమస్కారం పెట్టి వీధి తలుపులోంచి వెళ్ళిపోయి, పెరటి తలుపులోంచి వెనక గదిలోకి వచ్చి పడుకుంటాను. ఈ ఉత్తరం ఆ గదిలోనే, అమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా రాస్తున్నాను.

నేను పని చేస్తుంటే అమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటుంది. "పని తెలిసినవాడిలా లేవు మేస్త్రీ. మా ఆయన చేస్తే ఒక్క పూటలో తేల్చేవాడు" అంటుంది. తప్పు ఎక్కడుందో అడిగితే చేత్తో చూపిస్తుంది కూడా. ఆయన గురించి చాలా చెబుతుంది. నోట్లో ముత్యాలున్నట్టు నోరు విప్పడట. కూరలో ఉప్పు ఎక్కువైనా మాట్లాడకుండా తినేసి లేస్తాడట. "బాగుందని చెప్పడు, బాగాలేదని చెప్పడు. గోడతో కాపురం చేసినట్టే అనుకో. కానీ నాకు జ్వరమొస్తే ఆ గోడే నా పక్కకొచ్చి నిలబడేది" అంది ఒకసారి. నేను బ్రష్షు పట్టుకుని తోమిన రాయినే మళ్ళీ తోముతూ కూర్చున్నాను. ఆ మాట నాకు ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే అవకాశం నేనూ ఇచ్చి ఉండను.

ఇప్పుడు అసలు సంగతి. రాళ్ళు ఎప్పుడో శుభ్రమైపోయాయి. నీళ్ళు అద్దంలా తేరి ఎన్నాళ్ళో అయింది. అడుగున ప్లాస్టిక్ జాలీ పరిచి, దాని మీద పెద్దరాళ్ళు కూర్చోబెట్టి, తేలే రాయిని పలకరాయికి కట్టి, సిలికాన్ జిగురుతో అతికిస్తే అయిపోయేది. నేను అతికించలేదు. రోజంతా పేర్చి, అమ్మ పడుకున్నాక మళ్ళీ విప్పి బకెట్లో వేసేవాణ్ణి. పని అయిపోతే మేస్త్రీ వెళ్ళిపోవాలి కదా. మేస్త్రీ వెళ్ళిపోతే ఈ ఇంట్లో నన్ను ఎవరని రానిస్తుంది?

పోయిన శనివారం రాత్రి విప్పడం మరిచి పడుకున్నాను. తొట్టిలో సగం నీళ్ళు ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే అమ్మ కుర్చీ ఎక్కి లోపలికి చెయ్యి పెట్టి పైరాయిని తాకింది. జిగురు లేని రాయి, ఒక్కసారిగా దొర్లింది. వేలు నలిగి గోరు కమిలింది. రాయి పోయి పక్క అద్దానికి తగిలింది. అద్దం పగలలేదు, అదృష్టం. పగిలి ఉంటే చెయ్యి మొత్తం గాజులో ఉండేది. కేక విని పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాను, పెరట్లోంచి ఎందుకొచ్చానో కూడా ఆలోచించలేదు. అమ్మ వేలు పట్టుకుని ఏడుస్తూ, "మా ఆయన ఇంట్లో ఉంటే ఇలా అవనిచ్చేవాడా?" అంది. ఆయమ్మ నా వైపు ఒకసారి చూసి, పసుపు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ ఏదో ఒకటి అంటే బాగుండేది.

వేలు ఇప్పుడు బాగానే ఉంది. వాపు తగ్గింది. డాక్టరు ఎముకకి ఏమీ కాలేదన్నాడు.

ఆ ఆదివారమే నీళ్ళన్నీ తోడేసి, రాళ్ళని ఎండబెట్టాను. తడి రాయిని జిగురు పట్టదు, చిల్లుల లోపలి తడి ఆరడానికి చాలాసేపు పడుతుంది. నిన్న అతికించాను. అమ్మ కట్టు కట్టిన వేలితో ఎదురుగా కూర్చుని, "గట్టిగా అతికించు మేస్త్రీ. మా ఆయన వచ్చాక వేలితో నొక్కి చూస్తాడు. ఏది చేయించినా అలాగే చూస్తాడు. ఊగిందో, నిన్నేమీ అనడు, తనే కూర్చుని మళ్ళీ చేసుకుంటాడు" అంది. నా వేలు అప్పటికే రాయి మీద ఉంది. తీసేశాను. "ఆయన ఎప్పుడొస్తారమ్మగారూ?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. "వస్తాడు. చెప్పకుండా వెళ్ళే మనిషి కాదు. నీకు దారిలో కనబడితే ఇంటికి తొందరగా రమ్మను" అంది.

చెబుతానన్నాను.

జిగురు వాసన పోయాక నీళ్ళు నింపుతాను. రెండు వారాలైనా నీళ్ళు అలా నిలకడగా ఉండాలి, అప్పుడు చేపలు. నువ్వు వచ్చేసరికి ఉంటాయి. ఆయమ్మ ఒక ఉపాయం చెప్పింది, చేపలకి మేత వేయడానికీ, నీళ్ళు మార్చడానికీ మేస్త్రీ రోజూ రావాలని. నిన్న అమ్మతో అనేసింది కూడా. అమ్మ "రానీ. పని నెమ్మది, కానీ మనిషి మంచివాడు" అంది. ఒప్పుకుందని నేను సంతోషించాలి. రాత్రంతా మాత్రం అలా పడుకుని కప్పు చూస్తూ ఉన్నాను.

అందుకే ఇదంతా ముందే రాస్తున్నాను. గుమ్మంలో అమ్మ ఎదుట నీ నోట్లోంచి వచ్చే మొదటి మాట నాకు తెలుసు. ఆ మాట మింగెయ్యి తల్లీ. "మేస్త్రీ, పని ఎంతవరకు వచ్చింది?" అను, చాలు. నువ్వు అననూ వద్దు, మీరు అననూ వద్దు. నాన్నా అని నువ్వు పిలిచి, నేను పలికితే, అమ్మ మళ్ళీ స్నానాలగదిలోకి పోయి గడియ వేసుకుంటుంది. అంత భయపడిన ఆ మొహం ఇంకోసారి చూడలేను. నీకిది కష్టమని తెలుసు. ఇంతకన్నా తేలికైన దారి నాకు దొరకలేదు.

అమ్మ లేచింది, మేస్త్రీ ఎక్కడని ఆయమ్మని అడుగుతోంది. సందు చుట్టి రావాలి. ఇవాళ మధ్యాహ్నం చేసిన పని రాయలేదు, ఉండనీ.

ఒక్కటి. నీ బస్సు ఏ వేళకి వచ్చినా బస్టాండుకి నేనే వస్తాను, ఆటో ఎక్కకు. నడిచే వద్దాం, నీ పెట్టె నేను మోస్తాను. ఎన్నిసార్లు పిలవాలనిపిస్తే అన్నిసార్లు అక్కడే పిలువు. దారి పొడుగునా పిలువు. మన సందు మలుపు దాకా పిలువు.

ఇట్లు,
నీ నాన్న