పందెం అనే మాట

ఆదివారం, రాత్రి

ఇక పందెం ఆడనని పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన మా ఆయన, ఈరోజు పుంగనూరులో పూల్ పోటీకి, అదే బల్ల మీద కర్రతో బంతులు కొట్టే ఆటకి, నన్నూ తీసుకెళ్లాడు. హాలు ముందు బ్యానర్ మీద ‘పూల్ పందేలు’ అని చదవగానే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

“బళ్లో పరుగు పందెం అంటారే, ఇదీ అట్లాంటిదేమ్మే. గెలిస్తే కప్పు ఇస్తారు, అంతే” అని నవ్వాడు.

ఆఖరి ఆటలో నల్ల బంతి ఒక్కటి గుంటలో వేస్తే ఆయనదే గెలుపు. వంగి కొట్టబోతుంటే, గుండీ ఊడిన చొక్కా చెయ్యి పక్క బంతికి తగిలింది. నేను తప్ప ఎవరూ చూడలేదు. ఆయన మాత్రం కర్ర దించేసి, “ఫౌలప్పా, నాదే” అన్నాడు. ఆట అవతలివాడి చేతికి పోయింది, అతనే గెలిచాడు.

తిరిగి వస్తూ బండి మీద అడిగాను. “యాల సెప్పినావు? ఎవురూ సూళ్లేదు గదా.”

బండి కొంచెం నెమ్మది చేశాడు. తర్వాత, “దుడ్డు పెట్టుంటే సెప్పేవాణ్ణి కాదులే” అన్నాడు.

నాతో నిజం చెప్పాడని గుండె నిండింది, భయమూ వేసింది. మళ్లీ ఎవరైనా డబ్బు ఆశ చూపిస్తే... మదనపల్లె వచ్చేదాకా ఆయన భుజం మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఇప్పుడే ఆ చొక్కాకు గుండీ కుట్టాను. వచ్చే నెల కుప్పంలో ఇంకో పందెం ఉందట.