జూలీని పంపను

దేవేంద్ర బావకు,

నిన్న నీ మనిషి తెచ్చిన చీటీ చదివాను. కుక్కను తిరిగి ఇవ్వమని రాశావు. ఇవ్వను.

ఇరవై రెండేళ్లుగా మన కళ్యాణదుర్గం జట్టు ఏ ఊళ్లో ఫుట్‌బాల్ ఆడినా ఇద్దరం కలిసి వెళ్లాం. ఎన్నిసార్లు ఓడినా జట్టును వదలని మనిషివని నిన్ను నమ్మాను. అందుకే మా గౌతమి కుక్కపిల్ల కావాలన్నప్పుడు, వీధిలో దిక్కులేనిదాన్ని తెచ్చుకుందామని నా భార్య చెప్పినా వినకుండా, జాతి కుక్కలు అమ్మే నీ దగ్గరికే వచ్చాను.

నీ రేకుల షెడ్డులో అమ్మకానికి ఉంచిన కుక్కపిల్లలను, వాటి తల్లి జూలీని చూశాం. ఏడుసార్లు ఈనింది, లేచి నిలబడలేకపోతోంది.

"దీంతో ఇంక పని లేదప్పా. రేపు కంపచెట్లల్లో ఇడిసిపెడతా" అన్నావు.

గౌతమి పిల్లలను ముట్టుకోలేదు. "మామా, దీన్నే ఇయ్యి" అంది.

"తీస్కపో, పీడ పోతాది" అని నవ్వావు.

మూడు నెలలకు అది కోలుకుంది. ఇప్పుడు పిల్లలను కొనేవాళ్లు జాతి తెలుసుకోడానికి తల్లిని చూపమంటున్నారని నీకు జూలీ గుర్తొచ్చింది.

నీ మనిషి చేతిలో గొలుసు చూడగానే జూలీ నిలబడినచోటే ఉచ్చ పోసుకుంది. గౌతమి దాని మెడ పట్టుకొని వదల్లేదు. నేనే అతన్ని బయటికి నెట్టాను. నువ్వొచ్చినా అదే చేస్తాను.

ఆదివారం ఫైనల్. నువ్వు ఎగిరి గంతులేయడం చూడలేను. మన జట్టు ఓడిపోవాలని జీవితంలో మొదటిసారి కోరుకుంటున్నాను.

గౌతమి నాయన