చూసిపోయిన వాళ్ళ కోసం ఆగిన పొట్టేళ్ళు

గరిడేపల్లి,
నవంబరు 2013.

జిల్లా యువజన శిక్షణ అధికారి గారి సముఖమునకు, నల్లగొండ.

అయ్యా,

విషయం: కోదాడలోని కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో డిజిటల్ మార్కెటింగ్ లెక్కల పేరిట నన్ను, నా ద్వారా మా నాయనను నమ్మించి మోసగించుట గురించి.

1. నాగయ్య కుమారుడనైన ధర్మేందర్ అను నేను సదరు కేంద్రంలో వెబ్‌సైటును ఎందరు చూశారో లెక్క తీసే విద్యను అభ్యసించితిని. అభ్యాసం నిమిత్తం మా బక్రీదు పొట్టేళ్ళ ఫోటోలతో, ఫోన్ నంబరుతో ఒక పేజీ తయారుచేసితిని. కొద్దిరోజులకే చూసినవారు వందలు దాటిరి. శిక్షకులు ఉపేందర్ సారు నా భుజం తట్టి, "సూర్యాపేట, మిర్యాలగూడ నుంచి సూస్తున్నరు తమ్మీ, మీ నాయినకు చెప్పు" అన్నారు. చెప్పితిని.

2. మా ఇంటి పద్ధతి ప్రకారం, ఒకరు చూసిపోయిన పొట్టేలును వారు వద్దనేదాకా మరొకరికి అమ్మరాదు. కావున ఏటా మా దొడ్డికి వచ్చే బేరగాడిని నాయన ఈసారి ఉత్తచేతులతో పంపివేసినారు. "గంతమంది సూసిపోయిండ్రు. ఆళ్ళు ఎటూ చెప్పకముందే నీకెట్లిస్త?" అన్నారు. బక్రీదు వెళ్ళిపోయినది. ఒక్కరూ రాలేదు.

3. చూసినవారు ఎక్కడివారో, ఎంతసేపు చూశారో తెలుసుకునే పాఠాన్ని సారు రేపు, ఎల్లుండి అని దాటవేసినారు. దానిని హుజూర్‌నగర్ నెట్ సెంటరులో కూర్చొని సొంతంగా నేర్చుకుంటిని. అందరూ ఒక్క కోదాడవారే, కేంద్రంలో మధ్యాహ్నం బ్యాచీ నడిచే వేళలోనే వచ్చినవారు. తెరిచిన మరుక్షణం మూసినారు. అయ్యా, మా పొట్టేళ్ళను ఎవరూ చూడనే లేదు. ఆ బ్యాచీలో చదివిన మా ఊరి కల్పనను అడుగగా, శిక్షణ ఫలించినట్లు పైవారికి చూపుటకు సారే దినాం బ్యాచీ అందరిచేత మా పేజీని తెరిపించేవారని తెలిపినది.

4. నిలదీయగా సారు, "లెక్కల సూసినట్టే పడ్డది గద, అబద్ధమేడుంది?" అన్నారు. ఆయనను సొంత అన్న అనుకుంటిని.

5. నాకు పరిహారం వద్దు. నేను ఎంత చెప్పినా నాయన నమ్మడం లేదు. "వస్తర్లేరా, ఎవరి పనులు ఆళ్ళకుంటయి" అని ఇప్పటికీ రోజూ పొద్దున పొట్టేళ్ళను కడిగి రోడ్డు వైపు కట్టేస్తున్నారు. వాటిని ఎవరూ చూడలేదని సారు స్వయంగా వచ్చి, నాయన ముఖం చూసి చెప్పవలెను. అప్పుడైనా వేరేవారికి అమ్ముకుంటాము.

ఈ గోడు తమరు చిత్తగించవలెను. చిత్తగించి సదరు శిక్షకులను మా దొడ్డికి పంపించవలెను.

తమ విధేయుడు,
ధర్మేందర్

తా.క.: మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. విచారణకు మీరు చేస్తే నాయినే ఎత్తుతడు. "పొట్టేళ్ళను సూసిండ్రా సారూ?" అని అడుగుతడు. మీకు దండం పెడుత, సూసినమని మాత్రం అనకుండ్రి.