విప్పని మూట

విడవలూరు

భానక్కా,

మీ అమ్మ పోయినాక ఆమె చేతి తులసి, నిమ్మగడ్డి టీ ఒక్కసారన్నా తాగాలనుంది, మిగిలింది పంపమని అడిగినావు. ఫోన్లో సరే అన్నాను గానీ, నిజం చెప్పలేకపోయినాను.

నా దగ్గు చూసి ఆమె ఏడాదికి సరిపడా ఆకు ఎండబెట్టి, పది చిన్న మూటలు కట్టిచ్చింది. ఒకటి అయిపోయినాకే ఇంకోటి విప్పమని మరీ మరీ చెప్పింది. సముద్రపు గాలికి గుడ్డ చెమ్మగిల్లుతుందని నేనే తెలివి చూపించి, మూటలన్నీ విప్పి పెద్ద రేకు డబ్బాలో పోసినాను. అది ఎండు నెత్తళ్ల డబ్బా అక్కా. సబ్బుతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టినాను. చేపల మధ్య బతికే ముక్కు నాది, వాసన పోయిందనుకున్నాను. వానల్లో మూత తీస్తే ఆకంతా నీచు కంపు. దిబ్బలో పారబోసినాను. ఆమె అడిగినప్పుడల్లా మాత్రం రోజూ తాగుతున్నానని చెప్పినాను. ఎంత సంతోషపడేదో!

మిగతావి డబ్బాలో పోయకముందే ఎప్పుడో ఆసుపత్రికి పోతూ సంచిలో వేసుకుని మరిచిపోయిన మూట ఒకటి నిన్న దొరికింది. అదే పంపుతున్నాను. లోపల ఆకు ఎట్లుందో తెలియదు. ముడి మాత్రం ఆమె వేసిందే. విప్పి చూడడానికి నాకు మొహం చెల్లలేదు.

తోడబుట్టకపోయినా, నీ చెల్లెలు